రోటరీ టూల్: గృహకర్మశాలలో కోతపని

రోటరీ టూల్ అని లోకవ్యవహారమున పిలువబడుచున్న భ్రమణసాధనము పిడికిలిలో ఇమిడిపోవునంతటి చిన్న విద్యుద్యంత్రము. దీని మూతియందు బిగించిన సన్నని ఉక్కుకాడ నిమిషమునకు సుమారు 5,000 మొదలు 35,000 చుట్లవరకు తిరుగుచుండగా, ఆ కాడకొనకు తొడిగిన బిళ్ల గాని, పండ్లుగల బిట్టు గాని, సానగుండు గాని తన అంచుతో ఇనుమును, ఇత్తడిని, కొయ్యను, పింగాణీని, ప్లాస్టిక్కును కోయును, తొలుచును, అరగదీయును. అమెరికాలో దీనిని ప్రచారములోనికి తెచ్చిన డ్రెమెల్ సంస్థ పేరునే అనేకులు యంత్రమునకును పేరుగా వాడుచుందురు; మన హార్డువేరు దుకాణములలో 'మినీ గ్రైండర్' అని అడిగినను సామాన్యముగా ఇదే చేతికి వచ్చును. దంతవైద్యుడు, కంసాలి, అచ్చులు చెక్కువాడు మొదలైన సూక్ష్మకర్మకారుల చేతులలో చిరకాలము మెలగిన ఈ సాధనము ఇప్పుడు గృహస్థుని పనిముట్లపెట్టెలోనికిని చేరినది. దీనితో చేయదగిన పనులన్నిటిలోను కోతపని మిక్కిలి ఉపయోగకరమైనది, మిక్కిలి తప్పుగా చేయబడుచున్నదియు అదియే. కావున ఈ వ్యాసమున దానినే ప్రధానముగా గ్రహించి, తక్కినవానిని అవసరమైనంతమేరకే స్పృశింతుము.

రంపముతో కోయుటకును ఈ యంత్రముతో కోయుటకును మూలమునందే భేదము కలదు. రంపము మనిషి భుజబలమును పండ్లకు అందించును. పని మందగించినప్పుడు వడ్రంగి చేతిని కొంచెము బరువుగా వేయును, రంపము మరికొంత లోతునకు దిగును. భ్రమణసాధనమున ఒత్తిడికి అట్టి స్థానము లేదు. దీని మోటారు సాధారణముగా 100 మొదలు 175 వాట్ల శక్తి గలది. వంటయింటిలోని 750 వాట్ల మిక్సీ మోటారుతో పోల్చినచో నాలుగవవంతైనను కాదు. అంత స్వల్పమైన శక్తి అంతటి మహావేగముతో తిరుగునప్పుడు తిప్పుడుబలము అత్యల్పముగానే మిగులును. చేయి కొంచెము బరువుగా మోపినంతనే కాడ నెమ్మదించును, మోటారు మూలుగును, కోత నిలిచిపోవును. అయినను ఉక్కు తెగుచున్నదన్న దానికి కారణము వేగమే: బిళ్ల అంచునందలి ఒక్కొక్క కణము ఒక్కొక్క తాకిడిలో కంటికానని నలుసును మాత్రమే గీకికొనిపోవును గాని, సెకనుకు 500 చుట్లు తిరుగు బిళ్లపై అట్టి కణములు వేలకొలది యుండుటచేత ఆ నలుసులే కూడి చూచుచుండగా గాడియగును. పనివాడు చేయవలసినదెల్ల ఆ వేగమును చంపకుండుటయే. ఈ ఒక్క విషయము చేతికి పట్టుబడినవానికి తక్కిన మెళకువలన్నియు వాటంతట అవియే అలవడును. పట్టుబడనివాడు ఎంత ఖరీదైన యంత్రము కొన్నను బిళ్లలు విరుగగొట్టుకొనుచునే యుండును.

ఈ వేగమెంతటిదో లెక్కవేసి చూచుట మంచిది. 38 మి.మీ. వ్యాసముగల బిళ్ల నిమిషమునకు 20,000 చుట్లు తిరిగినచో దాని అంచు సెకనుకు సుమారు 40 మీటర్లు, అనగా గంటకు 140 కిలోమీటర్లకు పైగా, పరుగెత్తును. వెల్డింగు దుకాణములలో ఇనుపచువ్వలను కోయు యాంగిల్ గ్రైండరులో 100 మి.మీ. బిళ్ల 11,000 చుట్లకే సెకనుకు సుమారు 58 మీటర్ల వేగము నందుకొనును. చిన్నబిళ్లకు పెద్దబిళ్లకున్నంత అంచువేగము రావలెనన్నచో అది అన్నిరెట్లు ఎక్కువ చుట్లు తిరుగక తప్పదు. భ్రమణసాధనముయొక్క మహావేగమునకు మూలము ఇదియే. దీనినిబట్టి మరియొక సంగతియు తెలియవచ్చును. 38 మి.మీ. బిళ్ల అరిగి 20 మి.మీ.కు దిగినప్పుడు అదే చుట్లలో అంచువేగము సుమారు సగమునకు పడిపోవును. యంత్రము పాతబడి కోత తగ్గినదని విచారించువారు మొదట బిళ్ల వ్యాసమును చూడవలెను. నేర్పరి అట్టి సమయమున వేగపుమీటను కొంచెము పైకి జరుపును, అంతియే.

తిరుగుకొనతో గట్టిపదార్థమును తొలుచుట మానవుని ప్రాచీనవిద్యలలో నొకటి. బలూచిస్తానములోని మెహర్‌గఢ్ శ్మశానవాటికలో లభించిన మానవదంతములలో చెకుముకిరాతి మొనలతో తొలిచిన రంధ్రములు బయల్పడినవి. అవి 7,500 మొదలు 9,000 సంవత్సరముల పూర్వపువి. ఆధునికకాలమునను ఈ సాధనపు వంశము దంతవైద్యశాలనుండియే మొదలగుట గమనింపదగినది. అమెరికాలో జేమ్సు మారిసన్ 1871లో కాలితో తొక్కి తిప్పు దంతయంత్రమునకును, జార్జి గ్రీన్ 1875లో విద్యుత్తుతో తిరుగు దంతయంత్రమునకును పేటెంట్లు పొందిరి. 1895లో జర్మనీదేశమున ష్టుట్‌గార్ట్ నగరమునందలి ఫైన్ సంస్థ విద్యుత్తుతో నడచు చేతిడ్రిల్లును నిర్మించెను. పిదప ఆస్ట్రియాలో జన్మించి అమెరికాకు వలసపోయిన ఆల్బర్ట్ డ్రెమెల్ 1932లో విస్కాన్సిన్ రాష్ట్రమున మిచిగాన్ సరస్సు తీరమునందలి రసీన్ పట్టణములో తన పేర సంస్థను స్థాపించి, తొలుత క్షౌరపు బ్లేడులకు పదునుపెట్టు విద్యుత్పరికరమును అమ్మి, 1935లో 'మోటో టూల్' అను పేరుతో చేతిలో పట్టుకొను చిన్న భ్రమణసాధనమును విపణిలోనికి తెచ్చెను. ఇండ్లలో విమానముల నమూనాలు, ఓడల నమూనాలు చేసికొను అమెరికన్ గృహస్థులకు అది ప్రియమైనదయ్యెను. 1993లో ఆ సంస్థ జర్మనీకి చెందిన బాష్ సంస్థ వశమైనది.

యంత్రము కథ ఇంతే గాని, కోయునది యంత్రము కాదు, దాని కొననున్న రాపిడికణము. ఆ కణముయొక్క చరిత్రలో మనకు గర్వకారణమైన అంశ మొకటి యున్నది. అల్యూమినియము ఆక్సైడు స్ఫటికమును మనవారు కురువిందమని పిలిచిరి. కెంపును నీలమును ఈ పదార్థముయొక్క రత్నరూపములే. అశుద్ధమైన ముతకరూపమును పొడిచేసి, లక్కతో కలిపి సానచక్రములు చేసి, రత్నములను కత్తులను సానపట్టుట మన దేశమున పూర్వమునుండి గల విద్య. దక్షిణభారత భాషలలోని కురువిందము, కురుందము అను మాటలనుండియే పాశ్చాత్యుల 'కోరండమ్' అను పదము పుట్టినదని నిఘంటుకారులు చెప్పుదురు. 1891లో అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ ఆచెసన్ బంకమట్టిని బొగ్గును కలిపి విద్యుత్తుతో కాల్చి, సిలికాన్ కార్బైడు అను అతికఠిన పదార్థమును కనుగొని, అది కార్బనము కోరండముల సంయోగమని భ్రమించి 'కార్బొరండమ్' అని పేరిడెను. భ్రమ తొలగినను పేరు నిలిచినది. ఆ పేరు ఉత్తరార్ధమున మన కురువిందము నేటికిని దాగియున్నది. నేడు దుకాణములో కొను కోతబిళ్లలలో ఇనుము కోయువానియందు కృత్రిమ కురువిందమును, రాయి గాజు మొదలగువాని కొరకైన వానియందు సిలికాన్ కార్బైడును, మరింత ఖరీదైనవానియందు వజ్రపురజమును కూర్చుదురు. ఖనిజముల గట్టిదనమును కొలుచు మోస్ మానములో కురువిందము 9వ మెట్టున, వజ్రము 10వ మెట్టున ఉన్నవి. గాజు 6కు లోపల, చెకుముకిరాయి 7వద్ద నిలుచును.

బిళ్ల నిర్మాణమును తెలిసికొన్నచో దాని ప్రవర్తనయు అర్థమగును. కణములను రెసిన్ అను జిగురుతో కలిపి, పలుచని అప్పడమువలె ఒత్తి కాల్చుదురు. కోయుచుండగా కణము మొద్దుబారినకొలది దానిపై ఒరపిడి పెరిగి, జిగురు దానిని వదలును; వెనుకనున్న కొత్తకణము వాడిగా బయటికి వచ్చును. కావున బిళ్ల అరుగుట లోపము కాదు. అరుగుటయే దాని పదును. అరుగని బిళ్ల కోయనిబిళ్ల. వీనిలో రెండుజాతులు కలవు. ఒకటి 24 మి.మీ. వ్యాసమును 0.6 మి.మీ. మందమును గల సన్నబిళ్ల; ఇది సన్నని గాడి కోయును గాని లోపల ఏ ఆధారమును లేనందున పక్కకు రవంత వంగిననే పుటుక్కున విరుగును. రెండవది లోపల గాజునారల వల పొదిగిన 38 మి.మీ. బిళ్ల, ఇది ఒక మి.మీ.కు పైగా మందము గలిగి, మోటుగా కోసినను, చిన్న తప్పులను ఓర్చుకొనును. కొత్తవారు రెండవదానితో ఆరంభించుట శ్రేయస్కరము. సన్నబిళ్లలు డబ్బీలో ముప్పదియారో నలుబదియో చౌకగా వచ్చుటచేత అందరును మొదట వానినే కొందురు; మొదటి మధ్యాహ్నమే సగము డబ్బీ ముక్కలగును.

యంత్రపు లోపలిభాగము సరళమైనదే. బొగ్గుబ్రష్షుల ద్వారా విద్యుత్తును గ్రహించు యూనివర్సల్ మోటారు దీనికి ప్రాణము. ఏకముఖ, ద్విముఖ విద్యుత్తులు రెండింటితోను తిరుగగలుగుటయు, భారము లేనప్పుడు మహావేగమును అందుకొనుటయు దాని లక్షణములు. వేగమును తగ్గించి పెంచు మీట యొకటి పిడిమీద నుండును. మూతివద్ద కోలెట్ అను చీలికలుగల ఉక్కుగొట్టము కాడను పట్టుకొనును. దాని మీది మరను బిగించినకొలది చీలికలు దగ్గరపడి కాడను అన్నివైపుల సమానముగా కరచుకొనును. కాడల మందములు 3.2, 2.4, 1.6, 0.8 మి.మీ. అని వాడుకలో నున్నవి; ఏ కాడకు ఆ కోలెట్ వేయవలెను గాని, పెద్దకోలెట్‌లో చిన్నకాడను గట్టిగా బిగించి సరిపెట్టుకొనుట అపాయకరము. కాడ సాధ్యమైనంత లోపలికి దిగియుండవలెను. ఎంత బయటికి పొడుగుగా నున్నచో అంత వణుకు పుట్టును, ఆ వేగమున వణుకు క్షణములో కాడను వంచివేయును. కంసాలిదుకాణములలో మోటారును పైన కొక్కెమునకు వ్రేలాడగట్టి, మెలితిరిగిన తీగవంటి ఫ్లెక్సిబుల్ షాఫ్టుద్వారా తిప్పుడును కలమువంటి చేతిపిడికి అందించుకొందురు. గంటలకొలది సూక్ష్మకర్మ చేయువానికి మోటారు బరువు చేతిమీద లేకుండుట ఎంత ఉపశమనమో చెప్పనక్కరలేదు. ఆ అమరికను ఇంటియంత్రములకును వేరుగా కొని తగిలించుకొనవచ్చును.

విదేశములందున్న మనవారు సెలవులకు వచ్చునప్పుడు తండ్రికో మామగారికో ఈ యంత్రమును కానుకగా తెచ్చుట తరచు జరుగుచున్నది. అమెరికాలో కొన్నది ఆ దేశపు 120 వోల్టులకు నిర్మింపబడినది. మన గోడసాకెట్టులో వచ్చునది 230 వోల్టులు. తెలియక నేరుగా తగిలించినచో మోటారు ఒక్కసారి కేకవేసినట్లు తిరిగి, కాలిన వాసనతో శాశ్వతముగా ఆగిపోవును. ఈ వ్యాసకర్త బంధువులయింట అట్టి యంత్రమొకటి పెట్టె విప్పిన పావుగంటలోనే బూడిదవాసన కొట్టుట స్వయముగా చూచియున్నాడు. తెచ్చిన కుమారుని ముఖము చూడలేకపోయితిమి. వోల్టేజిని తగ్గించు ట్రాన్స్‌ఫార్మరు వాడుట ఒక మార్గము. బ్యాటరీతో నడచు యంత్రమైనచో ఛార్జరుమీద 100 మొదలు 240 వోల్టులని ముద్రించియున్నదేమో చూచుకొని వాడుకొనుట మరింత సులువైన మార్గము.

కోతపనియందు ఈ యంత్రము తన విలువను నిరూపించుకొను సందర్భము తుప్పుపట్టిన బోల్టు. ఒక ఉదాహరణమును దగ్గరగా చూతము. వసారాలోని ఉయ్యాలబల్లకు గొలుసులు తగిలించిన బోల్టులు ఏండ్లతరబడి జల్లుకు తడిసి తుప్పుపట్టినవి. నట్టు మూలలు అరిగి గుండ్రబారుటచేత స్పానరు పట్టుట లేదు. బోల్టు మందము 10 మి.మీ., నట్టు వెడల్పు 17 మి.మీ. హ్యాక్సా రంపమును ఆడించుటకు గొలుసును బల్లయు అడ్డము. పెద్ద గ్రైండరు పెట్టినచో టేకుబల్ల గీరుకొనిపోవును. ఇట్టిచోట నట్టును అడ్డముగా కోయనక్కరలేదు, నిలువున చీల్చినచో చాలును. నట్టు పక్కముఖమునకును బోల్టు మరలకును నడుమ నున్న ఇనుము మూడున్నర మి.మీ. మాత్రమే. మొదట బల్లమీద తడిగుడ్డ కప్పవలెను, నూనెగుడ్డలు కిరోసిన్ సీసాలు దూరముగా పెట్టవలెను. 38 మి.మీ. బిళ్లను బోల్టు నిడివికి సమాంతరముగా నిలిపి, యంత్రము పూర్తివేగము నందుకొన్న తరువాతనే, ఈకతో తాకినట్లు నట్టు ముఖముమీద ఆనింపవలెను. రవ్వలు సన్నని చీపురుపుల్లలవలె ఒకేదిక్కుకు పోవుచున్నంతసేపు కోత సవ్యముగా నున్నది. మోటారు స్వరము దిగినచో చేయి బరువైనదని అర్థము, వెంటనే తేలికచేయవలెను. ఒకేచోట నిలుపక గాడి పొడవునా ముందుకు వెనుకకు మెల్లగా జరుపుచుండవలెను, పది పదునైదు సెకనులకొకసారి ఎత్తి చల్లారనీయవలెను. గాడి అడుగున మరల మెరుపుగీతలు తొంగిచూచిన క్షణమున ఆపవలెను. అటుపై బోల్టే తెగుట మొదలగును. అడుగున వాషరుదగ్గర మిగిలిన పలుచని ఇనుమును కోయబోయినచో బిళ్ల బల్లను తాకును గనుక దానిని విడిచిపెట్టి, గాడిలో ఇనుపపని ఉలి నిలిపి సుత్తితో ఒక్కదెబ్బ వేసినచో నట్టు పగిలి విచ్చుకొనును. బోల్టు మరలు చెడవు, బల్లపై గీత పడదు, గొలుసు మరల తగిలించుకొనవచ్చును. మొత్తము పనికి ఒకటి రెండు బిళ్లలు అరుగును.

రవ్వలను చూచి భయపడువారు కలరు, వానిని చూచి ముచ్చటపడువారును కలరు. అవి గీకబడిన ఇనుపనలుసులు ఒరపిడివేడికి ఎర్రబడి గాలిలోని ఆమ్లజనితో కలిసి మండుటవలన పుట్టినవి. కార్బనము హెచ్చుగాగల ఉక్కు, ఉదాహరణమునకు పాత ఆకురాయి, కోసినప్పుడు ఒక్కొక్క రవ్వయు కొనయందు కొమ్మలుగా చీలి పూవువలె విచ్చుకొనును. మెత్తని ఇనుపచువ్వ కోసినప్పుడు రవ్వలు సూటిగీతలుగా పోవును. అనుభవజ్ఞుడు రవ్వనుబట్టియే లోహమును గుర్తించును. ఇత్తడి, రాగి, అల్యూమినియములకు రవ్వలు లేవు. ఆ శాంతమును చూచి నిర్లక్ష్యము చేయరాదు: అల్యూమినియము మెత్తదనముచేత కణముల నడుమ ఇరుకుకొని బిళ్ల అంచును మూసివేయును, అప్పుడు బిళ్ల కోయుట మాని రుద్దుట మొదలుపెట్టి వేడెక్కును. అంచుకు కొంచెము మైనము పూసినచో ఈ బాధ తగ్గును. జింకుపూత రేకులను కోయునప్పుడు తలుపులు తెరచియుంచవలెను. ఆ పూత కాలినప్పుడు వచ్చు పొగను పీల్చినవానికి జ్వరమువంటి వికారము కలుగును.

ప్లాస్టిక్కు విషయములో శత్రువు వేడి. ఆక్రిలిక్ రేకు సుమారు 105 డిగ్రీల సెల్సియసువద్ద, పీవీసీ గొట్టము సుమారు 80 డిగ్రీలవద్దనే మెత్తబడును; వేగముగా తిరుగు బిళ్ల అంతటి వేడిని సెకనులలో పుట్టించును. కోసినగాడి వెనుకనే కరగి అతుకుకొనుట, అంచులకు బంకవంటి ముద్దలు పేరుకొనుట దీని ఫలితములు. పీవీసీ మాడినచో ముక్కుకు ఘాటైన ఆమ్లపు ఆవిరియు వచ్చును. ఇచ్చట వేగమును 10,000 చుట్లకు లోపలికి దించి, పండ్లుగల బిట్టు వాడి, ఆగి ఆగి కోయవలెను. ఒరపిడివేడి అన్నిచోట్లను కీడే అని మాత్రము తలపరాదు. వరాహనది ఒడ్డున ఏటికొప్పాక గ్రామమున బొమ్మలు చేయు కళాకారులు అంకుడుకర్రను తరిమెనమీద తిప్పుచు రంగులక్కబిళ్లను దానికి ఆనించుదురు. ఒరపిడికి పుట్టిన వేడితో లక్క కరగి కర్రకు నునుపుగా పట్టుకొనును. అక్కడ వస్తువు తిరుగుచుండును, పనిముట్టు నిశ్చలముగా నుండును; ఇక్కడ పనిముట్టు తిరుగుచుండును, వస్తువు నిశ్చలముగా నుండును. వేడినే వన్నెగా మార్చుకొన్న ఆ చేతుల నేర్పును తలచుకొనక ఈ ప్రసంగమును దాటిపోలేము.

మన ఇండ్లలో నేలకు పరచు తాండూరు బండయు, గూటిపలకలకు వాడు కడప నల్లరాయియు సున్నపురాళ్లు; గ్రానైటుతో పోల్చినచో మెత్తనివి. అలమారు మూలకు పలక ఇమడనప్పుడు ఒక చిన్న మూల తీయుట, కరెంటు తీగపోవుటకు గంటు పెట్టుట మొదలైన పనులకు 22 మొదలు 38 మి.మీ. వజ్రపుబిళ్ల చాలును. పింగాణీ టైలులో కుళాయిగొట్టమునకు గుండ్రని రంధ్రము కావలసినచో టైలు కొరకే చేసిన కార్బైడుబిట్టుతో గీతవెంబడి పోవచ్చును. గీతకు ముందుగా కాగితపుటేపు అంటించుకొన్నచో గీత చెరగదు, మెరుగుపై పెచ్చు లేవదు. తడిపిన స్పంజితో అప్పుడప్పుడు చెమ్మ తగిలించినచో వేడియు ధూళియు రెండును అణగును గాని, గోడసాకెట్టుకు తగిలించిన యంత్రముదగ్గర నీరు ధారగా పోయుట ప్రాణాపాయము. ఈ పనికి బ్యాటరీయంత్రము మేలు. వజ్రపుబిళ్లతో ఉక్కును కోయరాదు. వజ్రము శుద్ధకార్బనము, కాగిన ఇనుము కార్బనమును తనలోనికి లాగికొనును గనుక వజ్రకణములు చూచుచుండగనే కరగిపోవును. అన్నిటికన్న గట్టిది అన్నిటిని కోయవలెనుగదా అను ఊహ ఇచ్చట నిలువదు.

రాతిధూళిని గూర్చి ఇంకొకమాట చెప్పవలసియున్నది. గ్రానైటు, పింగాణీ, సిమెంటు మొదలగువానిలో సిలికా కలదు. దాని సూక్ష్మరజము ఊపిరితిత్తులలో దిగబడి, మానని సిలికోసిస్ వ్యాధిని కలిగించును. బండలు కొట్టు కూలీలు తరతరాలుగా అనుభవించిన ఈ దుఃఖమును గృహస్థుడు సరదాపనికై కొనితెచ్చుకొనరాదు. చేతిరుమాలు ముక్కునకు కట్టుకొన్నంత మాత్రమున అంత సూక్ష్మధూళి ఆగదు. ధూళిని వడకట్టుటకై చేసిన మాస్కు ధరించి, ఆరుబయట, గాలివాలుకు వీపుపెట్టి కోయవలెను.

కొయ్యపనియందు ఈ యంత్రమునకు ప్రవేశము పరిమితము. రాపిడిబిళ్ల కొయ్యను కోయదు, మాడ్చును. పండ్లుగల చిన్న ఉక్కురంపపుబిళ్లలు కలవు గాని, వానిని వాటికై చేసిన తొడుగులో బిగించి వాడవలెనే తప్ప విడిచేతితో ఎన్నడును వాడరాదు. పన్ను కొయ్యలో చిక్కినచో యంత్రము చేతినుండి ఎగిరి మీదికి వచ్చును. సన్నని ప్లైవుడ్డులో స్విచ్చుబోర్డుకు కంత తీయుటకు, అలంకారపు జాలి చెక్కుటకు మెలికలబిట్టు చక్కగా ఉపకరించును. దానిని తిరుగుదిశకు ఎదురుగా నడిపించినచో చేతికి అదుపుండును, తిరుగుదిశతోపాటు నడిపించినచో అది తానే పరుగెత్తును. కొండపల్లి బొమ్మలకు వాడు పొనికికర్రవంటి మిక్కిలి మెత్తని కొయ్యకు మాత్రము పదునైన చాకును మించిన సాధనము లేదు. యంత్రము దాని నారను తెంచక పీచు లేపును.

కొబ్బరిచిప్ప ఈ యంత్రమునకు సరియైన వస్తువు. చిప్ప రంపమునకు జారును, ఉలికి పగులును. గుండ్రముగా నుండుటచేత బల్లమీద నిలువదు. గరిటె గాని, దీపపుకుందె గాని చేయదలచినవారు చిప్పను ఇసుకనింపిన గుడ్డసంచిమీద కదలకుండ ఒదిగించి, రబ్బరుబ్యాండు ఒకటి చుట్టూ తొడిగి దానివెంట పెన్సిలుతో గీత గీసికొనవలెను. పిదప లోతుగా కోయబోక, గీత మొత్తముమీద అరమిల్లీమీటరు లోతున ఒక తేలికగాడి పెట్టవలెను. ఈ తొలిగాడియే తరువాతి కోతకు దారి. రెండవచుట్టులో బిళ్ల దానంతట అదియే ఆ దారిలో నడచును, మూడవచుట్టులో చిప్ప విడిపోవును. తొలిగాడిని వదలి ఒకేచోట లోతుకు దిగినవానికి చుట్టుతిరిగి వచ్చుసరికి రెండుకొనలు కలియవు. ఇదే పద్ధతి గొట్టములకు, చువ్వలకు, రేకులకు సమానముగా వర్తించును.

కోయబడు వస్తువు చేతిలో గాక వైసులోనో క్లాంపులోనో బిగియుండవలెను. చిన్నముక్క కదిలినచో గాడి మూసికొని బిళ్లను నొక్కును, బిళ్ల పగులును. పగిలిన బిళ్లముక్కలు తిరుగుతలములోనే ఎగురును. కావున ముఖమును ఆ తలమునకు పక్కగా ఉంచుకొనవలెను, కంటిఅద్దములు పక్కలనుకూడ మూయునవిగా నుండవలెను. చత్వారపు కళ్లజోడు రక్షణ కాదు. కొత్తబిళ్ల తొడిగినప్పుడెల్ల ఒక నిమిషము ఊరక త్రిప్పి చూచి, వణుకు లేదని తెలిసినపిదపనే పనికి పూనుకొనవలెను. బిళ్లపై ముద్రించిన గరిష్ఠవేగము యంత్రము నడుచు వేగముకన్న తక్కువైనచో దానిని ముట్టరాదు. పైటకొంగు, విప్పిన జడ, ఉత్తరీయము, ఊలుచేతితొడుగు, వీనిలో ఏది చుట్టుకొన్నను విడిపించుకొనువ్యవధి ఉండదు.

దీనికి చేతకాని పనులను గూర్చి దుకాణదారులు చెప్పరు. బిళ్ల ఎంతలోతుకు దిగగలదో లెక్క సులువు: బిళ్ల వ్యాసార్ధమునుండి యంత్రపుమూతి వ్యాసార్ధమును తీసివేయవలెను. 38 మి.మీ. బిళ్లకు 20 మి.మీ. మూతి యున్నచో చిక్కునది 9 మి.మీ. మాత్రమే. అంగుళము మందపు పలకను, మీటరు పొడవు రేకును దీనితో కోయబూనుట యంత్రమును కాల్చుకొనుటయే. పలకకు రంపము, రేకుకు కత్తెర, లావుచువ్వకు పెద్దగ్రైండరు ఉన్నవి. తక్కినవి చేరలేని ఇరుకులో, తక్కినవి చెడగొట్టు సుకుమారమైనచోట, కొద్దిపాటి కోతకు మాత్రమే ఈ సాధనమునకు సాటి లేదు.

పోషణ స్వల్పమే గాని క్రమము తప్పరాదు. పని ముగియగానే గాలిరంధ్రములలో చేరిన ధూళిని, విశేషించి ఇనుపరజమును, ఊదివేయవలెను. రెసిన్‌బిళ్లలు తేమకు బలహీనపడును; కోస్తావర్షకాలమున వానిని మూతగట్టి డబ్బాలో ఉంచవలెను, ఏండ్లతరబడి పడియున్నవానిని వాడరాదు. మోటారులోని బొగ్గుబ్రష్షులను 40, 50 గంటల పనికొకసారి ప్లగ్గు పీకి, విప్పి చూడవలెను. పొడవు 3 మి.మీ.కు దిగినను, కొన గరుకుబారినను రెండింటిని జతగా మార్చవలెను. కొత్తబ్రష్షులు వేసిన యంత్రమును వెంటనే పనికి పెట్టక, శుభ్రమైన బల్లమీద సుమారు ఐదునిమిషములు భారము లేకుండ తిరుగనిచ్చినచో, వాని కొనలు తాము ఒరసికొను కమ్యుటేటరు వంపునకు సరిగా అమరును.